రెండిళ్ళ మాత్రలు

ఫిబ్రవరి 3

అమ్మడూ,

ముందుగా నా కోడిగీతలు చూసి నవ్వకు. ఐదో తరగతితో ఆగిపోయిన చదువు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ లాగాలో ఇప్పటికీ తడుముకుంటాను. సూదిలో దారం ఎక్కినంత సులువుగా నాకు కాగితం మీద అక్షరం ఎక్కదు. తప్పులుంటే దిద్దుకుని చదువుకో. తిప్పి మాత్రం పంపకు.

ఫోనులో నాకు మాట పెగలదని నీకు తెలుసు. నేను ఊఁ అనేలోపు మీ అమ్మమ్మ లాక్కుంటుంది. నువ్వు మన అక్షరాలు మరిచిపోకుండా ఉంటావని ఉత్తరాలు రాయమన్నావు. సరే, రాస్తున్నాను.

నువ్వు పట్టుబట్టి మీ అమ్మమ్మని చేర్పించిన మందు పరీక్ష మొదలైంది. ఆ ఆసుపత్రి కింది అంతస్తులో ఇరవయ్యారేళ్ళు దుప్పట్లకి అంచులు కుట్టాను, డాక్టర్ల కోట్లకి గుండీలు వేశాను. ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళడం ఇదే మొదటిసారి. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. నాకు కూర్చోవాలనిపించలేదు.

కళ్ళజోడు డాక్టరు మెల్లగా చెప్పాడు. నేను మీ అమ్మమ్మకి మన మాటలో చెప్పాను. చెయ్యి వణికేవాళ్ళు మూడువందల మందిని తీసుకున్నారట. సగం మందికి మందు, సగం మందికి ఉత్త పిండి మాత్ర. ఎవరికి ఏది పోయిందో డాక్టరుకి కూడా తెలియదట. మీ అమ్మమ్మ ఆయన మొహం చూసి, "పెద్దమనిషిలా ఉన్నాడు, ఇదేం దొంగాటండీ" అంది. ఆయన ఏమందని అడిగాడు. నమస్కారం చెప్పిందన్నాను.

మన పైఇంటావిడ కూడా చేరింది. పాపం, ఆవిడకి చెయ్యితోపాటు తల కూడా ఊగుతుంది. మీ అమ్మమ్మా ఆవిడా వదినా అంటే వదినా అనుకుంటారు. ఏ వైపు వదినో అడిగితే ఇద్దరికీ తెలియదు. ఈ దేశంలో మన మాట మాట్లాడే మనిషి దొరికితే చుట్టరికం అదే పుట్టుకొస్తుంది.

నాకో పుస్తకం ఇచ్చారు. రోజూ మాత్ర ఎన్నింటికి వేసుకుందో, చెయ్యి ఎలా ఉందో రాయాలి. ప్రతి సోమవారం ఆమె చేత ఒక కాగితం మీద నత్తగుల్లలా చుట్టలు చుట్టించాలి. మొదటి సోమవారం చుట్ట చూస్తే తుఫానులో చిక్కుకున్న దారపుఉండలా వచ్చింది. కాజా కుడితే మిషనే సిగ్గుపడేది, అలాంటి చెయ్యి అది. నేను కాగితం మడిచి పెట్టేశాను.

ఉంటాను.
మీ తాత


ఫిబ్రవరి 12

తాతా,

నీ కోడిగీతలకి నేను రెండు ముద్దులు పెట్టుకున్నాను. ఒక్కచోటే తప్పుంది, ఎక్కడో చెప్పను.

అది దొంగాట కాదని అమ్మమ్మకి చెప్పు. తనకి మందే ఇస్తున్నారని మనిషికి తెలిస్తే చెయ్యి కుదురుకోకముందే మనసు కుదురుకుంటుంది. బాగుందనిపిస్తుంది. డాక్టరుకి తెలిసినా అంతే, ఇష్టమున్నవాళ్ళ గీత వంకరగా కనిపించదు. అందుకని అందరి కళ్ళకీ గంతలు కట్టి, చివర్లో ఒకేసారి విప్పుతారు. నిజం బయటికి రావడానికి వేరే దారి లేదు తాతా. మా ల్యాబులో నేను పెంచే కణాలకైతే మనసుండదు కాబట్టి ఈ గొడవ లేదు. రోజంతా గాజుమూతల కింద వాటిని చూస్తూ కూర్చుంటాను. అవి నాకు కబుర్లు చెప్పవు, నీలాగే.

ఒక సంగతి నీకు చెప్పలేదు. మనలాంటివాళ్ళని ఈ పరీక్షల్లోకి అంత తేలిగ్గా తీసుకోరు. భాష రాదు, వేళకి రారు, చెప్పింది చెప్పినట్టు చెయ్యరు అంటారు. మొహం మీద అనరులే, కాగితాల్లో అంటారు. అందుకే మందులన్నీ వాళ్ళ ఒంటికి కొలతలు తీసి కుడతారు, మనం తొడుక్కుంటాం. నేను మా పెద్దమేడమ్ చేత ఆ డాక్టరుకి ఉత్తరం రాయించాను. మావాళ్ళు మాట తప్పరు, పూచీ నాది అన్నాను. కాబట్టి ఆ పుస్తకం నా పరువనుకుని రాయి.

అమ్మమ్మ మాత్రని దేవుడి దగ్గర పెట్టుకుని వేసుకుంటానంటే వేసుకోనీ. వేళ మాత్రం తప్పకూడదు.

నీ అమ్మడు


మార్చి 9

అమ్మడూ,

మీ అమ్మమ్మ నిన్న సూదిలో దారం ఎక్కించింది. మూడుసార్లు తప్పింది, నాలుగోసారి ఎక్కింది. తర్వాత నా పాత చొక్కా తీసుకుని రెండు కాజాలు కుట్టింది. అంత గొప్పగా లేవు. ఆ చొక్కా తొడుక్కునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

సోమవారం చుట్ట కూడా చుట్టలాగే ఉంది.

ఇంట్లో గొడవ మొదలైంది. అది మందు గొప్పతనమని మీ అమ్మ అంటుంది. దుకాణం నుంచి కాళ్ళు లాక్కుంటూ వచ్చి కూడా ఆ వాదన మానదు. "మందేమిటే నీ మొహం, ఆయన చూశాడు" అని మీ అమ్మమ్మ దేవుడి అర వైపు చూపిస్తుంది. "అయితే ఆ మాత్రలు మానేసి చూడమ్మా" అని మీ అమ్మ. "ఆయనే పంపించాడు, ఎందుకు మానతాను" అని ఈవిడ. నా వైపు చూస్తారు ఇద్దరూ. నేను మిషనుకి నూనె వేసుకుంటాను.

ఒక అనుమానం. ఒక పెట్టెలో మాత్ర ఇంకో పెట్టెలో పడితే ఏమైనా అవుతుందా? అన్నీ ఒక్కలాగే ఉంటాయి, తెల్లగా బటాణీ గింజంత. నర్సు నెలనెలా మిగిలినవి చూస్తుంది. ఎన్ని ఉండాలో అన్ని ఉన్నాయి. ఊరికే అడిగాను.

నువ్వు చిక్కిపోయావని మీ అమ్మ అంటోంది. వేళకి తిను.

మీ తాత


మార్చి 20

తాతా, తాతా, తాతా!

నీ ఉత్తరం చదివి ల్యాబులో గట్టిగా అరిచాను. పక్క బల్ల అబ్బాయి చేతిలో గాజుగొట్టం జారిపోయింది. రెండు కాజాలా! ఆ చొక్కా ఉతక్కు.

పెద్దమేడమ్‌కి చెప్పాను. "మీవాళ్ళ పుస్తకం చాలా నీటుగా ఉందని ఆ డాక్టరు అన్నాడు" అంది. నా భుజాలు ఇంతెత్తు లేచాయి. ఇక్కడ "మీవాళ్ళు" అన్న మాట తర్వాత మంచి మాట వినడం నాకు ఇదే మొదటిసారి.

నీ అనుమానానికి జవాబు: ఏమీ కాదు. మాత్రకి మాత్రే. కడుక్కున్న చేత్తో తీసి మళ్ళీ పెట్టెలో వేసెయ్. పోయిన నెలది ఈ నెల పెట్టెలో కలిసినా ఫరవాలేదు.

అమ్మమ్మతో చెప్పు, దేవుడికి ఒక దణ్ణం పెడితే ఆ మందు కనిపెట్టినవాళ్ళకి కూడా ఒకటి పెట్టమని. దీపం పెడితేనే చేతులు కుదురుకునేట్టయితే మేమంతా ల్యాబులు మూసుకుని అగ్గిపెట్టెలు అమ్ముకోవాల్సిందే!

నీ అమ్మడు


ఏప్రిల్ 2

అమ్మడూ,

నీ ఉత్తరం పైకి చదివాను. అగ్గిపెట్టెల ముక్క వదిలేసి చదవాల్సింది. నాకు అంత తెలివి లేదు, వరసగా చదువుకుపోయాను.

మీ అమ్మమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. తర్వాత అంది, "మన అమ్మడు ఏడో నెలలో పుట్టింది. పిడికెడంత ఉండేది. గాజుపెట్టెలో పెట్టారు. డాక్టర్లు వాళ్ళ పని వాళ్ళు చేశారు, బయట బల్ల మీద కూర్చుని నా పని నేను చేశాను. అప్పుడు ఏ డాక్టరూ నవ్వలేదు." అందుకే ఆదివారం ఫోనుకి రాలేదు. తలనొప్పి అని నేను చెప్పింది అబద్ధం.

ఇంకో అబద్ధం ఉంది. ఇది రాయడానికి నాలుగు కాగితాలు చింపాను.

మాత్ర సంగతి ఊరికే అడగలేదు. ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మాత్ర జారి పడలేదు. మొదటి నెల నుంచీ మీ అమ్మమ్మా పైఇంటావిడా ఇద్దరి పెట్టెలూ ఒక స్టీలు డబ్బాలో పోసి, కలిపి, దేవుడి అరలో పెట్టి, దణ్ణం పెట్టుకుని, నీకొకటి నాకొకటి అని పంచుకుంటున్నారు. ఒకరికి మందు, ఒకరికి పిండి రావడం వాళ్ళకి నచ్చలేదు. "ఒకే మెట్లెక్కి వెళ్ళాం, ఒకే కుర్చీల్లో కూర్చున్నాం. నాకు నయమై వదిన తల అలాగే ఊగుతుంటే నేను ఆవిడ మొహం ఎలా చూడను?" అని మీ అమ్మమ్మ. పైగా, "ఏది మందో డాక్టరుకే తెలీదంటున్నాడు. తెలిసినవాడు ఒక్కడే. ఆయన ముందు పెట్టి తీసుకుంటే ఎవరికి ఏది రావాలో ఆయనే చూసుకుంటాడు" అంది.

 నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట బాగుందనిపించింది. ఏమీ కాదని నువ్వు రాశాక గుండె మీద బరువు దిగింది. నువ్వు వేరే అనుకుని రాశావని రెండోసారి చదివితే తెలిసింది.

నర్సు పోయిన వారం అడిగింది, "అన్నీ ఈ పెట్టెలోవేనా తాతగారూ" అని. అవునన్నాను. పుస్తకంలో కూడా అలాగే రాశాను. రెండు నెలలు రాశాను.

ఏం చెయ్యమంటావు?

మీ తాత


ఏప్రిల్ 11

తాతా,

ముందు అమ్మమ్మకి. అమ్మమ్మా, తప్పయింది. నువ్వు బల్ల మీద కూర్చున్న సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పినా నేను నవ్వేదాన్నేమో, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. ఆదివారం ఫోనుకి రా.

ఇక నీకు. ఇది పైకి చదవకు.

ఎవరికీ చెప్పొద్దు తాతా.

నేను మూడు రోజులు ఆలోచించాను. చెబితే ఇద్దర్నీ పరీక్షలోంచి తీసేస్తారు. మాత్రలు ఆగిపోతాయి. అమ్మమ్మ చెయ్యి మళ్ళీ మొదటికొస్తుంది. అది ఒకటి. రెండోది, "చూశారా, మేం అనలేదూ" అంటారు. వచ్చే పరీక్షలో మనవాళ్ళ పేరు కనపడగానే కాగితం పక్కన పెడతారు. నేను మాటిచ్చాను, మేడమ్ నన్ను నమ్మి సంతకం పెట్టింది. రేపు నేను ఏం కనిపెట్టానన్నా, "ఈ అమ్మాయివాళ్ళే కదా" అంటారు. పుట్టినప్పటినుంచీ ఈ దేశంలో ఉన్నాను తాతా. అయినా ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నట్టుంటుంది.

మూడువందల మందిలో ఇద్దరు. పెద్ద తేడా రాదు. ఈ నెల నుంచి ఎవరి పెట్టెలోవి వాళ్ళు వేసుకుంటే చాలు. పుస్తకం నీటుగానే ఉంది కదా, ఉండనీ.

ఇలాంటి మాట ఇంకొకళ్ళు అని ఉంటే వాళ్ళ మొహం చూసేదాన్ని కాదు. నాకు తెలుసు. అయినా అంటున్నాను.

నవ్వొచ్చే సంగతేమిటంటే, ఎవరికి మందు ఇవ్వాలో డాక్టర్లు కూడా చీటీలు తీసినట్టే తీస్తారు. అమ్మమ్మ చేసింది దాదాపు అదే.

నీ అమ్మడు


ఏప్రిల్ 24

అమ్మడూ,

నీ ఉత్తరం పైకి చదవలేదు. నీ క్షమాపణ ముక్క మాత్రం చదివాను. మీ అమ్మమ్మ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది.

చీటీల మాట నా బుర్రలో తిరిగింది. డాక్టరు చీటీ తీశాడు, వీళ్ళూ తీశారు. తేడా ఏమిటి అనుకున్నాను. కత్తిరించిన గుడ్డ కుట్టుకుంటూ ఉండగా తట్టింది. డాక్టరు తను తీసిన చీటీ ఎక్కడో రాసి పెట్టాడు. మనం రాయలేదు. రాయకపోగా, ఇంకోలా రాశాం. కొలత తప్పితే విప్పి కుట్టొచ్చు. తప్పు కొలత పుస్తకంలో ఉంటే ఆ పుస్తకం చూసి కుట్టే ప్రతివాడి చొక్కా బిగుతే.

రేపు ఆ మందు బజారుకొస్తుంది. మన ఒంటి కొలత కూడా అందులో ఉండాలనే కదా నువ్వు ఇంత తంటాలు పడ్డావు. మనవాళ్ళ మీద మాట రాకూడదని మనవాళ్ళకే దొంగకొలత ఇస్తామా? ఇది నీకు చెప్పేంతవాణ్ణి కాను. నువ్వే మొదటి ఉత్తరంలో నాకు చెప్పావు.

అదీకాక, ఆ పుస్తకం నేను రోజూ దేవుడి అర కింద కూర్చుని రాశాను.

మంగళవారం బస్సెక్కి వెళ్ళాను. ఇంట్లో దారపురీళ్ళకని చెప్పాను. స్టీలు డబ్బా చేతిసంచిలో పెట్టుకున్నాను. కళ్ళజోడు డాక్టరు గది బయట గంటన్నర కూర్చున్నాను. చెప్పాల్సింది ఈ దేశం మాటలో ముందే కూడబెట్టుకున్నాను, గుమ్మం దాటగానే సగం పోయింది. డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. "రెండిళ్ళవి. మొదటి నుంచీ" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. అర్థమైంది.

కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. కళ్ళజోడు తీసి కాసేపు కళ్ళు నొక్కుకున్నాడు. ఎప్పటినుంచి, ఎన్ని, ఎలా పంచారు అని అన్నీ రాసుకున్నాడు. ఎందుకు కలిపారని అడిగాడు. ఒకరికి వచ్చి ఒకరికి రాకపోవడం వాళ్ళకి నచ్చలేదని చెప్పాను. ఆయన పెన్ను ఆపి, "మొదటి రోజు నేను చెప్పింది మీరు వాళ్ళకి ఏమని చెప్పారు?" అన్నాడు. అప్పుడు నాకు సిగ్గేసింది. సగం మందికి మందు, సగం మందికి పిండి అన్నంతవరకే చెప్పాను. ఎందుకో ఆయన చాలాసేపు చెప్పాడు, నాకు సగమే తెలిసింది, తెలియలేదని చెప్పుకోలేకపోయాను. ఇకమీదట ఇంట్లోవాళ్ళ చేత చెప్పించకుండా, మాట తెలిసిన వేరే మనిషిని పెడతామని రాసుకున్నాడు.

ఇద్దర్నీ తీసేశారు. మనవాళ్ళని ఇకముందు తీసుకుంటారా అని అడిగాను. "అది నా చేతిలో లేదు, కానీ మీరు వచ్చి చెప్పారని కూడా రాస్తాను" అన్నాడు. అంతకంటే మంచి మాట అనలేదు. అబద్ధం చెప్పి నన్ను ఊరుకోబెట్టలేదు, అది నాకు నచ్చింది. ఎవరి పెట్టెలో ఏముందో రెండేళ్ళ తర్వాత చెబుతారట. నాకు తెలుసుకోవాలని ఉంది. మీ అమ్మమ్మ మాత్రం తన చెవిన వెయ్యొద్దని మీ అమ్మతో అనిపించింది.

ఇంటికొచ్చి చెప్పాను. మీ అమ్మమ్మ ఒకే మాట అంది: "దేవుడికంటే డాక్టరుకి ఎక్కువ భయపడ్డారు మీరు." నేను భయపడింది ఎవరికో నాకు తెలుసు.  అప్పటినుంచి నాతో నేరుగా మాట్లాడటం లేదు. "ఆయన్ని అన్నానికి రమ్మను" అని మీ అమ్మతో అంటుంది. మీ అమ్మ దుకాణంలో ఉన్నప్పుడు గోడతో అంటుంది. పైఇంటావిడ మెట్ల మీద ఎదురైతే రెయిలింగు పట్టుకుని పక్కకి తప్పుకుంటోంది. ఆవిడకి కోపం వచ్చే హక్కు ఉంది. తల మళ్ళీ ఎక్కువగా ఊగుతోంది.

మీ అమ్మమ్మ చెయ్యి రెండురోజులు బాగానే ఉంది. ఇవాళ పొద్దున గ్లాసు జారింది. నేను తుడవబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి ఊగుతూనే ఉంది. దాన్ని పట్టుకున్నాను. లాక్కోలేదు. అంతవరకే చెప్పగలను.

ఇక అసలు సంగతి. పుస్తకం నా చేతికిచ్చి, తప్పు రాసిన చోటల్లా ఒక గీత కొట్టి పక్కన సంతకం పెట్టమన్నాడు డాక్టరు. చెరపకూడదట, కింద రాసింది కనిపించాలట. అది నాకు బాగుందనిపించింది. ఎనభై రెండు చోట్ల పెట్టాను. అంతా అయ్యాక ఆఖరి ప్రశ్న అడిగాడు. "ఈ సంగతి ఇంకెవరికైనా ముందే తెలుసా? చెప్పొద్దని ఎవరైనా అన్నారా?"

నేను లేదన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. ఆయన దాన్ని కూడా రాసుకున్నాడు. నా చేత కింద సంతకం పెట్టించాడు. ఎనభై రెండు కొట్టేసి కొత్తగా ఒకటి రాసి వచ్చాను.

నీ మీద కోపంతో రాయడం లేదు. నీ భయం నాకు తెలుసు, నేను ఇరవయ్యారేళ్ళు ఆ ఆసుపత్రికి వెనక గుమ్మంలోంచే వెళ్ళాను. నీ ఉత్తరం బీరువాలో ఉంది, ఎవరూ చూడరు. ఆ సంతకం అలాగే ఉండనీ అంటే ఉంచుతాను, మోస్తాను, నాకు అలవాటే. కొట్టేయమంటే గీత కొట్టి, చెప్పొద్దంది నువ్వని పక్కన రాయాలి. ఏది చెయ్యమని నేను చెప్పను. నీ పూచీ మీద నీకే హక్కుంది.

మే ఆరో తేదీన మళ్ళీ రమ్మన్నారు, అదే ఆఖరుసారి. తర్వాత ఆ పుస్తకం కట్టి పంపేస్తారట. ఈలోగా అందేలా జాబు రాయి. తొందరగా రాయి అమ్మడూ, రోజూ పోస్టువాడి కోసం మెట్ల దాకా వెళ్ళొస్తున్నాను.

మీ తాత